బాలింతరాలి మనోవ్యాకులత

మన ఇళ్ళలో బాలింతరాలి శరీరానికి జరిగే ఉపచారం ఇంతా అంతా కాదు. నడుముకు గుడ్డ బిగించి కట్టడం, చెవులలో దూది పెట్టడం, తలకు సాంబ్రాణి ధూపం వేయడం, మిరియాల చారు, వెల్లుల్లి కారం, పాత బియ్యపు అన్నం, కాచిన నీళ్ళు... వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఇంటి పెద్దావిడ ఊరుకోదు. ఈ పథ్యాలలో కొన్నిటిని వైద్యులు మెచ్చరు. నీళ్ళు తగ్గించడాన్ని, ఆకుకూరలు మాన్పించడాన్ని అసలే మెచ్చరు. ఆ చర్చను మరొకనాటి ప్రసంగానికి వదలుదాం. మేమిక్కడ ప్రస్తావించదలచినది వేరు. ఇంత శ్రద్ధ జరిగే ఇంట్లో, కాన్పయిన పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని, “నీ మనస్సెట్లా ఉన్నదే తల్లీ?” అని అడగాలన్న నియమం మాత్రం ఏ పురిటి పద్ధతిలోనూ కనబడదు. అడగరు గనుక ఆమె చెప్పదు. చెప్పదు గనుక ఏమీ లేదనుకుంటాం.

లేకపోవడమేమి, ఉన్నది. భారతదేశంలో వేరువేరు చోట్ల జరిగిన 38 పరిశీలనలను, వాటిలోని ఇరవై వేలమందికి పైగా తల్లుల వివరాలను ఒక్కచోట చేర్చి కొందరు వైద్యులు లెక్క కట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో 2017 లో ఆ లెక్క వెలువడింది. దాని ప్రకారం ప్రసవించిన ప్రతి నూరుమంది తల్లులలో సుమారు 22 మందికి ప్రసవానంతరం మనోవ్యాకులత కలుగుతున్నది. దక్షిణ రాష్ట్రాలలో ఈ సంఖ్య 26 అని తేలింది. అంటే నలుగురు బాలింతరాండ్రు ఉన్న వీథిలో ఒకరు. మలేరియా జ్వరం ఈ లెక్కన వచ్చి ఉంటే ఇంటింటికీ మందు చల్లి ఉండేవారు.

ముందుగా ఒక తేడా గుర్తించవలసి ఉన్నది. కాన్పయిన మూడవ నాడో, అయిదవ నాడో తల్లికి కారణం లేకుండా కన్నీళ్ళు రావడం, చీటికిమాటికి విసుగు, మరుక్షణం నవ్వు కలగడం సర్వసాధారణం. సగానికి పైగా తల్లులకు ఇది వస్తుంది, పది పదిహేను రోజులలో తనంతట తానే పోతుంది. దీనికి వైద్యం అక్కరలేదు. కాస్త నిద్ర, కాస్త ఓదార్పు చాలు. మేము చెప్పబోయే వ్యాకులత ఇది కాదు. రెండు వారాలు దాటినా దిగులు వీడకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, “నేను మంచి తల్లిని కాను, నావల్ల ఈ బిడ్డకు కీడే” అన్న భావం లోలోపల తొలుస్తూ ఉండడం, బ్రతుకు మీద విరక్తి... ఇవి ఈ జబ్బు లక్షణాలు. సాధారణంగా మొదటి కొద్ది వారాలలో ఆరంభమవుతుంది. సంవత్సరంలోపల ఎప్పుడైనా తలయెత్తవచ్చును. ఇక మూడవది ప్రసవోన్మాదం. వేయిమందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. మొదటి రెండు వారాలలోనే, ఉన్నట్టుండి వస్తుంది. ఆమెకు లేని మాటలు వినిపిస్తాయి, లేనివి కనిపిస్తాయి. తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం గనుక ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చవలసిన స్థితి అది. మన పల్లెలలో గాలి సోకిందని, సూతికావాతమని, పురిటి సన్నిపాతమని చెప్పుకొనే కథలలో చాలా భాగం ఇటువంటివే అయి ఉంటవి. తాయెత్తు కట్టించడానికి పోయిన మూడు రోజులు తిరిగి రావు.

ఇది పాశ్చాత్యుల జబ్బు, సుఖం ఎక్కువైన పట్టణ స్త్రీల జబ్బు అని కొందరంటారు. ఆ మాటకు ఆధారం లేదు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు లూయీ విక్టర్ మార్సే 1858 లోనే దీనిపై ఒక గ్రంథం వ్రాసిన మాట నిజమే. లండనులో బ్రైస్ పిట్ అనే ఆయన 1968 లో 305 మంది తల్లులను పరిశీలించి వారిలో దాదాపు పదకొండు శాతానికి ఈ బాధ ఉన్నదని ప్రకటించిన మాట కూడా నిజమే. కాని ఈనాడు ప్రపంచమంతా వాడుతున్న పది ప్రశ్నల ఎడిన్‌బరో పట్టికను 1987 లో సహచరులతో కలిసి తయారుచేసిన జాన్ కాక్స్, అంతకుముందు ఆఫ్రికాలోని ఉగాండా పల్లెలలో తల్లులను చూచి వచ్చినవాడు. ఉగాండాలో గాండా జాతివారి భాషలో ఈ జబ్బుకు ‘అమకిరో’ అని అంతకు ఎంతో ముందునుంచే ఒక పేరున్నది. గర్భకాలంలో భార్యాభర్తల నడత తప్పినందువల్ల వస్తుందని అక్కడివారి నమ్మకం. మన గాలికీ వారి అమకిరోకూ మధ్య సముద్రమున్నది గాని, నింద వేసే తీరులో పెద్ద భేదం లేదు.

ఇక అసలు విషయం: ఇది ఎవరికి వస్తుంది? ఎందుకు కొందరికి వచ్చి కొందరికి రాదు?

వైద్యులు ‘కారణం’ అనే మాటను ఇక్కడ జాగ్రత్తగా వాడతారు. ‘ప్రమాద హేతువు’ అంటారు. ఈ రెంటికీ భేదం మన సీమవారికి చెప్పడం సులభం. బుక్కపట్నం చుట్టుపట్ల వాన తప్పితే వేరుసెనగ పోతుందని అందరికీ తెలుసు. అయినా వాన తప్పిన ప్రతి ఏడూ ప్రతి చేనూ ఎండదు. చెరువు కింది మడి నిలుస్తుంది, బావి ఉన్న చేను నిలుస్తుంది, నల్లరేగడి కొంతకాలం తట్టుకొంటుంది. వాన తప్పడం ప్రమాద హేతువు. ఎండినదా లేదా అన్నది తక్కిన ఆధారాలమీద ఉన్నది. బాలింతరాలి విషయమూ అంతే. క్రింద చెప్పే హేతువులలో ఒకటి ఉన్నంతమాత్రాన జబ్బు రాదు. రెండు మూడు కలిసి, నీటి ఆధారమనదగినది ఒక్కటీ లేనప్పుడు వస్తుంది.

మన తెలుగువారికి దగ్గరగా జరిగిన పరిశోధన ఒకటి వేలూరు ప్రాంతానిది. తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్న సీమ అది. ఆ చుట్టుపట్ల గ్రామాలలో నెలలు నిండుతున్న 359 మంది గర్భిణీలను చేర్చుకొని, ప్రసవం తరువాత 6 నుంచి 12 వారాల మధ్య మళ్ళీ చూచారు. 2002 లో ప్రచురించిన ఆ పరిశోధనలో నూటికి 11 మందికి కొత్తగా వ్యాకులత కలిగినట్లు తేలింది. ఎవరికి కలిగింది? ఆదాయం తక్కువగా ఉన్న ఇళ్ళలోని వారికి, మగబిడ్డ కావాలని కోరుకోగా ఆడబిడ్డ పుట్టిన వారికి, అత్తగారితోనో కన్నవారితోనో పొత్తు కుదరని వారికి, గర్భకాలంలో ఏదో ఒక ఆపద వచ్చిపడిన వారికి, ఇంటి పనిలో చేయి సాయం లేని వారికి. ఈ జాబితాను మేము మొదట చదివినప్పుడు గమనించినది ఒక్కటే: ఇందులో మందుల దుకాణంలో దొరికే వస్తువు ఒక్కటి కూడా లేదు.

అదే సంవత్సరం గోవాలోని పరిశోధన కూడా వెలువడింది. అక్కడ 252 మంది తల్లులను కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు పరిశీలిస్తే 59 మందికి, అనగా నూటికి 23 మందికి, వ్యాకులత కనబడింది. వేలూరులో పదకొండు, ఇక్కడ ఇరవైమూడు ఏమని సందేహం కలుగవచ్చు. వేలూరువారు చెప్పిన పదకొండు, కొత్తగా జబ్బుపడినవారి లెక్క. గోవా లెక్కలో పాతవారూ ఉన్నారు. గోవా పరిశోధనలో మరొక సంగతి మాకు మరింత ముఖ్యంగా తోచింది. జబ్బుపడిన ఆ తల్లులలో నూటికి 78 మంది గర్భంతో ఉన్నప్పుడే మానసికంగా నలిగి ఉన్నారు. ఆరు నెలలు గడిచినా వారిలో సగానికి పైగా కోలుకోలేదు. అంటే మనం ‘ప్రసవానంతరం’ అని పేరు పెట్టిన ఈ జబ్బు చాలామందిలో ప్రసవానికి ముందే మొదలయింది. సీమంతపు గాజుల చప్పుడులో ఎవరికీ వినబడలేదు.

కాబట్టి అన్నిటికంటె బలమైన హేతువు ఏదంటే గర్భకాలంలోని దిగులు, దానికి తోడు పూర్వం ఎప్పుడైనా వచ్చిన మనోవ్యాధి. మొదటి కాన్పులో ఈ బాధ పడిన తల్లికి రెండవ కాన్పులోనూ వచ్చే అవకాశం ఎక్కువ. తల్లికో అక్కచెల్లెండ్రకో వచ్చి ఉంటే కూడా అంతే. ఉత్సాహోన్మాదం, విషాదం ఒకదాని తరువాత ఒకటిగా వచ్చే వ్యాధి గల స్త్రీలకు ప్రసవోన్మాదం వచ్చే ప్రమాదం ఎన్నో రెట్లు అధికం. అటువంటివారు గర్భం ధరించక ముందే వైద్యుని సలహా తీసుకోవడం మంచిది. పెండ్లినాడు దాచిన సంగతి పురిటినాడు దాచితే ప్రాణానికే ముప్పు. అత్తవారికి తెలిస్తే ఏమంటారో అని కన్నవారు నోరు మూసుకొనే ఇళ్ళు మనలో తక్కువ కావు. కనీసం ప్రసవం చేసే డాక్టరుకు ఒంటరిగా చెప్పి ఉంచవచ్చు గదా.

శరీర ధర్మం సంగతి కూడా చెప్పుకోవాలి. గర్భం నిలిచి ఉన్నంతకాలం ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ అనే రెండు రసాలు రక్తంలో అపారంగా పెరుగుతాయి. మాయ పడిపోయిన కొద్ది రోజులలో అవి ఒక్కసారిగా పడిపోతాయి. ఈ పతనం అందరు తల్లులకూ సమానమే. అందరూ జబ్బుపడరు గదా, ఇదెట్లా? అమెరికాలో 2000 సంవత్సరంలో ప్రచురితమైన ఒక చిన్న పరిశోధన ఈ ప్రశ్నకు కొంత జవాబు చెప్పింది. గర్భం లేని పదహారుమంది స్త్రీలకు మందులతో ఆ రసాలను పెంచి, తరువాత ఒక్కసారిగా ఆపివేశారు. పూర్వం ప్రసవానంతర వ్యాకులత అనుభవించిన ఎనిమిది మందిలో అయిదుగురికి దిగులు కమ్ముకొన్నది. తక్కిన ఎనిమిది మందిలో ఒక్కరికీ కాలేదు. కొందరి మెదడు ఆ మార్పుకు ఎక్కువగా చలిస్తుందన్నమాట. ఇందులో ఆమె ఓర్పుకుగాని, గుణానికిగాని సంబంధమేమున్నది?

ప్రసవం తరువాత థైరాయిడ్ గ్రంథి దెబ్బతిన్నా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. రక్తహీనత సంగతి సరేసరి. 2019–20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 59 మందికి రక్తం తక్కువగా ఉన్నట్లు తేలింది. నీరసానికీ దిగులుకూ పైకి తేడా తెలియదు, ఒకటి మరొకదాన్ని పెంచుతుంది. అందుచేత దిగులుగా ఉన్న బాలింతకు ముందు రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించమని వైద్యులు చెప్పడం సబబు. శస్త్రచికిత్స కాన్పులు మన రాష్ట్రంలో నూటికి 42 వరకు ఉన్నవని ఆ సర్వేయే చెపుతున్నది. ఆపరేషను ఒక్కటే జబ్బు తెస్తుందని రూఢిగా చెప్పలేము గాని, హఠాత్తుగా, భయం మధ్య జరిగిన ఆపరేషను, ఆ నొప్పి, బిడ్డను వెంటనే దగ్గరకు తీసుకోలేకపోవడం, ఇవన్నీ భారమే.

ఇప్పుడు మన సీమలోకి వద్దాం. 2022 వరకు అనంతపురం జిల్లాలోనూ, అటుతరువాత శ్రీ సత్యసాయి జిల్లాలోనూ ఉన్న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, బుక్కపట్నం ప్రాంతాల జీవనం తెలిసినవారికి ‘తక్కువ ఆదాయం’, ‘చేయి సాయం లేకపోవడం’ అనే మాటలకు అర్థం వేరుగా చెప్పనక్కరలేదు. వాన కురిసిన యేడు పంట, కురవని యేడు వలస. మగవారు బెంగుళూరులో కట్టడం పనికి పోతారు, ఇంకా దూరం కూడా పోతారు. ఇంట్లో మిగిలేది నిండు గర్భిణీ, ఆమె అత్త, ఒకటో రెండో పశువులు. ధర్మవరంలో అయితే మగ్గం. మగ్గం మీద కూర్చునేది ఒకరయినా, కండెలు చుట్టడం మొదలుకొని ఇంటిల్లిపాదీ చేయవలసిన పని అది. ఇల్లాలు పురిటి మంచంలో ఉంటే ఒక జత చేతులు తగ్గినట్లే. కూలీ పడిపోతుంది, సావుకారు బాకీ పడిపోదు. హిందూపురం గూళ్ళ మార్కెట్టును నమ్ముకొని పట్టుపురుగులు పెంచే ఇళ్ళలో కూడా అంతే. పురుగుకు రాత్రీ పగలూ వేళకు ఆకు వేయవలె. బాలింత ఉన్నదని పురుగు ఆగదు. “నావల్ల ఇంటికి నష్టం” అన్న మాట ఆ పిల్ల మనస్సులో ఎక్కడ పుట్టిందో వెదకడానికి పెద్ద శాస్త్రం అక్కరలేదు.

మొదటి కాన్పు పుట్టింట జరగడమనే ఆచారాన్ని ఇక్కడ మెచ్చుకోవలసి ఉన్నది. కన్నతల్లి చేతి అన్నం, చిన్ననాటి ఇల్లు, రాత్రి బిడ్డ ఏడిస్తే ఎత్తుకొనేవారు నలుగురు. వేలూరు పరిశోధన చెప్పిన ‘చేయి సాయం’ ఇదే. కాని ఆచారమున్నదని ధైర్యపడి ఊరుకోవడానికి వీలులేదు. ఇటువంటి ఆచారాలవల్ల తల్లులకు ఎంత రక్షణ కలుగుతున్నదని వివిధ దేశాలలో వెదికినవారికి ఒకే జవాబు దొరకలేదు. మనస్సు కలిసిన మనిషి పక్కన ఉంటే ఆచారం మేలు చేస్తుంది. పడని మనిషి పెత్తనం కింద నలభై దినాలు చీకటిగదిలో ఉండవలసి వస్తే అదే కీడు. పుట్టిల్లు కలవారికి సరే, తల్లి లేని పిల్ల మాటేమిటి? కన్నవారే వలసపోయిన పిల్ల మాటేమిటి? మా అభిప్రాయంలో మరొక ఘట్టాన్ని కూడా చాలామంది గమనించడం లేదు. మూడవ నెలలోనో, అయిదవ నెలలోనో చంకలో బిడ్డతో అత్తవారింటికి తిరిగి వచ్చే రోజు అది. అంతవరకు పదిమంది చేసిన పని ఆనాటినుంచి ఒక్కతె చేయాలి. నిద్ర అప్పటికీ నిండదు. పురిటి మర్యాదలు ముగిసిపోతాయి. జబ్బు మాత్రం ఏడాదిలోపల ఎప్పుడైనా రావచ్చునని ముందే చెప్పుకొన్నాం. రెండవ, మూడవ కాన్పులకు పుట్టింటి వైభోగం కూడా ఉండదు.

ఆడబిడ్డ సంగతి వేరుగా చెప్పక తప్పదు. బిడ్డ ఆడదైనంత మాత్రాన తల్లికి జబ్బు రాదు. వేలూరులోని మాట మళ్ళీ చూడండి: ‘మగబిడ్డ కావాలని కోరుకోగా’ అన్నది అందులోని కీలకం. గోవా పరిశోధకులు ఇంకొక మెట్టు ముందుకు పోయి, ఆడబిడ్డ పుట్టిన ఇళ్ళలో భర్త హింస వంటి తక్కిన హేతువులు తల్లిమీద మరింత బలంగా పనిచేస్తున్నట్లు చూపించారు. మొగబిడ్డ పుట్టిన ఇంట అవే కష్టాలు అంతగా బాధించలేదు. ఒకే ఇల్లు, ఒకే పేదరికం, ఒకే మగడు. పుట్టిన బిడ్డను బట్టి తల్లికి దక్కే మన్నన మారిపోతున్నది. బిడ్డ ఆడో మగో నిర్ణయించే కణాంశం తండ్రినుంచి వస్తుందని శాస్త్రం చెప్పి వంద యేళ్ళు దాటింది. లింగ నిర్ధారణ పరీక్షలు నేరమని 1994 లో చట్టమూ వచ్చింది. అయినా “మళ్ళీ ఆడపిల్లేనా” అన్న ఆ ఒక్క మాట అనే నోరు ఆగలేదు. పురిటి గది గడప దాటి లోపలికి పోయే మాటలలో అంత విషం ఉన్నది మరొకటి లేదు.

భర్త విషయం. 2017 నాటి ఆ పెద్ద లెక్క వేసినవారు భారతదేశంలో తరచు కనబడిన హేతువులను క్రోడీకరించినప్పుడు డబ్బు ఇబ్బంది, ఇంట్లో కొట్లాట, తిట్టూ కొట్టూ, భర్త ఆదరణ లేకపోవడం, అతని తాగుడు, ఇవన్నీ అందులో చేరాయి. బిడ్డ రోగిష్టిగా పుట్టడం, పుట్టి పోవడం కూడా ఉన్నవి. బిడ్డ పోయిన తల్లిని మన సంఘం రెండు విధాల శిక్షిస్తుంది. బిడ్డ లేదు గనుక ఆమెకు బాలింత ఉపచారమూ జరగదు, “పోనీలే, మళ్ళీ పుడుతుంది” అనడం చేత ఏడవడానికీ వీలుండదు. పదిహేడు, పద్దెనిమిదేళ్ళకే తల్లులైన పిల్లల సంగతి కూడా తలచుకోవాలి. మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ళ స్త్రీలలో నూటికి 29 మంది పద్దెనిమిది నిండకముందే పెండ్లయినవారని ఆ సర్వేలోనే ఉన్నది.

ఇదంతా తల్లి ఒక్కతెతో ఆగేది కాదు. వ్యాకులతలో ఉన్న తల్లి బిడ్డతో మాట్లాడదు, ఆడించదు, పాలివ్వడంలో వెనుకబడుతుంది. ఆమెకు ప్రేమ లేక కాదు, శక్తి లేక. అటువంటి తల్లుల బిడ్డలు ఆరు నెలలకు తూకం తక్కువగా ఉన్నట్లు గోవాలోనూ, పోషకాహార లోపానికి గురవుతున్నట్లు వేలూరు సీమలోనూ పరిశీలకులు చూచారు. అంగన్‌వాడీ తూకంలో సూచి కదలని బిడ్డకు గుడ్డూ పాలూ పెంచితే చాలదు, తల్లి ముఖం కూడా చూడాలి. ఇక చెప్పడానికి కష్టమైన మాట ఒకటి ఉన్నది. బ్రిటనులో ప్రతి తల్లి మరణాన్నీ విచారించే పద్ధతి ఉన్నది. ప్రసవమై ఆరు వారాలు దాటిన తరువాత ఏడాదిలోపల చనిపోయిన తల్లులలో ఆత్మహత్య ప్రధాన కారణాలలో ఒకటి అని అక్కడ తేలింది. మన ఊళ్ళలో బావిలో పడిన బాలింత కథకు ‘కడుపునొప్పి భరించలేక’ అని ముగింపు పెడతారు.

వైద్యం ఉన్నది, ఫలిస్తుంది. దీనికి అన్నిటికంటె ఆశాజనకమైన నిదర్శనం మన పొరుగుదేశం పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెలలో దొరికింది. అక్కడ ఇంటింటికి తిరిగే గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, నెలలు నిండిన నాటినుంచి బిడ్డకు పదినెలలు వచ్చేదాకా 16 మార్లు దిగులుపడిన తల్లుల వద్దకు పంపారు. వారు ఇచ్చినది మందు కాదు. నింద వేసుకొనే ఆలోచనను గుర్తుపట్టడం, దాన్ని మార్చుకోవడం, ఇంట్లోవారిని పనిలో కలుపుకోవడం నేర్పించారు. ఆరు నెలలకు చూస్తే, ఆ మాటసాయం పొందిన తల్లులలో నూటికి 23 మందికి మాత్రమే జబ్బు మిగిలింది. శిక్షణ లేని కార్యకర్తలు వెళ్ళిన చోట 53 మందికి మిగిలింది. 2008 లో ఈ ఫలితం వెలువడింది. తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని 2015 లో చేతిపుస్తకంగా అచ్చువేసింది. జబ్బు ముదిరినవారికి మందులున్నవి. సెర్ట్రలీన్ వంటివి పాలలో చాలా స్వల్పంగా మాత్రమే చేరుతాయి గనుక, పాలిచ్చే తల్లికి కూడా వైద్యులు ఇస్తారు. బిడ్డకు పాలు మాన్పించాలేమో అన్న భయంతో మందు మానుకోవడం, లేదా తనకు తానే మధ్యలో ఆపివేయడం సరికాదు. ఈ జబ్బుకే ప్రత్యేకించిన మాత్ర ఒకటి 2023 లో అమెరికాలో అనుమతి పొందింది.

మన గ్రామాలలో ఆశా కార్యకర్త నవజాత శిశువును చూడడానికి ఆసుపత్రి కాన్పయినవారి ఇంటికి ఆరుమార్లు రావలసి ఉన్నది: 3, 7, 14, 21, 28, 42 వ రోజులలో. ఈ తేదీలను చూడండి. మొదటి రెండు, వచ్చిపోయే కన్నీళ్ళ రోజులు. పద్నాలుగవ నాటికి అవి ఆగిపోవాలి. ఆగకపోతే ఇరవైఒకటవ నాటికే అనుమానించవచ్చు. నలభైరెండవ రోజు సరిగ్గా వ్యాకులతను పరీక్షించదగిన సమయం. బిడ్డను తూచే సంచితోబాటు తల్లికి రెండు ప్రశ్నలు కూడా ఆమె తీసుకొనిపోతే ఖర్చు పెరగదు: ఈ రెండు వారాలలో దిగులుగా ఉన్నదా? దేనిమీదా ఆసక్తి లేకుండా పోయిందా? ఔనంటే మూడవది కూడా సంకోచించక అడగాలి: చనిపోవాలనిపించిందా? ఎడిన్‌బరో పట్టికలోని పదవ ప్రశ్న అటువంటిదే. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అనవసరం. అడిగినందుకు చాలామంది తల్లులు ఊరట చెందుతారు. అడిగేటప్పుడు అత్తగారినీ మగనినీ కాసేపు వసారాలో కూర్చోబెట్టడం మాత్రం మరవరాదు.

సహాయం ఎక్కడ? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మొదట చెప్పవచ్చు. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగమున్నది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10 న ఆరంభించిన టెలి మానస్ సేవకు 14416 అనే సంఖ్యకు ఏ వేళనైనా ఫోను చేసి, తెలుగులోనే, ఉచితంగా మాట్లాడవచ్చు. పేరు చెప్పనక్కరలేదు. తీవ్రమైన స్థితిలో ఉన్నవారికి బెంగుళూరులోని నిమ్‌హాన్స్ మనకు దూరం కాదు. హిందూపురం నుంచి నూరు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. తల్లినీ చంటిబిడ్డనూ కలిపి చేర్చుకొని వైద్యం చేసే ప్రత్యేక విభాగం అక్కడ 2009 నుంచి ఉన్నది. మన కుటుంబాలు ఆసుపత్రి మాటెత్తగానే “బిడ్డనెవరు చూస్తారు, పాలెవరిస్తారు” అని వెనుకాడతాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ సంగతిని ముందే తలచింది. చికిత్సకు చేరిన తల్లినుంచి మూడేళ్ళలోపు బిడ్డను సాధారణంగా వేరు చేయరాదని అందులో ఉన్నది. తల్లివల్ల బిడ్డకు హాని కలుగుతుందని వైద్యులు భావించినప్పుడు మాత్రమే కొంతకాలం వేరుగా ఉంచవచ్చు, అప్పుడుకూడా ఆసుపత్రివారి పర్యవేక్షణలో తల్లి బిడ్డను చూడడానికి వీలు కల్పించాలి.